వారసులెందరో తెలియని ఆస్తి



ఈ మాసం మేము ఒక పాత బాకీ తీర్చుకోదలిచాము. చాలా సంవత్సరాల క్రితం ఒకనాడు ఫరాయిజ్ పాఠం, అంటే మరణించిన వ్యక్తి ఆస్తిని వారసుల మధ్య పంచే లెక్కల పాఠం, త్వరగా ముగిసింది. సమయం మిగిలింది కదా అని, ఆ వారం దినపత్రికలో చదివిన సంగతి ఒకటి పిల్లలకు చెప్పాము. ఆకాశంలో మనం చూసే నక్షత్రాలు, గ్రహాలు, వాయువులు అన్నింటికన్నా ఐదు రెట్లకు పైగా బరువున్న కృష్ణ పదార్థం ఈ విశ్వంలో ఉందనీ, అది ఇంకా పట్టుబడని ఒక కణంతో తయారైందనీ వివరించాము. వెనుక వరుసలో కూర్చున్న ఒక కుర్రవాడు లేచి, "హజ్రత్, ఆ కణం ఒకటే రకమని ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకునే పెద్దమనసు కూడా ఆనాడు లేకపోయింది. "కూర్చో బేటా, పుస్తకాల్లో ఉన్నది నేర్చుకో" అన్నాము. అతడు కూర్చున్నాడు.

అతడి తల్లిగారు ఈ పత్రికకు చందాదారు. కనుక ఈ పుట ఆ ఇంటికి చేరుతుందన్న నమ్మకంతో రాస్తున్నాము.

ముందు కృష్ణ పదార్థం ఉందని ఎలా తెలిసిందో చెప్పుకుందాం. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే ఖగోళ శాస్త్రవేత్త కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించాడు. అందులోని గెలాక్సీలు ఎంత వేగంగా కదులుతున్నాయంటే, కనిపించే బరువు మాత్రమే వాటిని పట్టి ఉంచుతున్నట్లయితే ఆ గుంపు ఏనాడో చెదిరిపోయి ఉండాలి. చాలాకాలం ఆ మాటను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ కలిసి మన పాలపుంతకు పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ ఏ వేగంతో తిరుగుతున్నదో కొలిచారు. సూర్యుని చుట్టూ దూరపు గ్రహాలు నెమ్మదిగా తిరిగినట్లే, ఆ గెలాక్సీ అంచున ఉన్నవి కూడా నెమ్మదించాలి. అవి నెమ్మదించలేదు. కంటికి కనిపించని బరువేదో వాటిని లాగి పట్టుకున్నది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఈ ఆండ్రోమెడాను ఒక చిన్న మబ్బు మచ్చగా గ్రంథస్థం చేసినవారు రయ్ నగరంలో జన్మించిన అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ. క్రీ.శ. 964 నాటి తన స్థిర నక్షత్రాల గ్రంథంలో ఆయన దాన్ని నమోదు చేశారు. దుర్భిణి లేని కాలంలో కేవలం కంటితో చూసి రాసిన మాట అది. తాను చూసినంతే రాశారు, అందుకే వెయ్యేళ్ల తర్వాత కూడా అది చెల్లుతున్నది.

ఈ సందర్భంలోనే ఒక మనవి. "కృష్ణ పదార్థమే జిన్నాతులు, శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు" అనే సందేశాలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ఏ శాస్త్రవేత్తా అలా అనలేదు. దయచేసి వాటిని ముందుకు పంపకండి. "కృష్ణ" అనే పేరు కూడా కొంత తప్పుదోవ పట్టించేదే. నల్లనిదైతే వెలుగును మింగాలి. ఇది మింగదు, వెదజల్లదు. వెలుగు దాని గుండా అడ్డులేకుండా సాగిపోతుంది. పారదర్శక పదార్థం అని ఉంటే మరింత సరిగ్గా ఉండేదేమో.

ఇక ఫరాయిజ్ పాఠానికి వద్దాం. ఆస్తి పంచాలంటే రెండు తెలియాలి. మొత్తం ఎంత, వారసులు ఎవరు. కృష్ణ పదార్థం విషయంలో మొదటిది చక్కగా తెలుసు. విశ్వం పుట్టిన దాదాపు 3,80,000 ఏళ్ల తర్వాత బయలుదేరిన వెలుగు ఇప్పటికీ మనల్ని చేరుతున్నది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2009లో పంపిన ప్లాంక్ ఉపగ్రహం ఆ వెలుగులోని సన్నని హెచ్చుతగ్గులను కొలిచింది. ఆనాటి మామూలు పదార్థం వెలుగు ఒత్తిడికి లోనై ముందుకూ వెనుకకూ ఊగింది. కృష్ణ పదార్థం ఆ ఒత్తిడిని ఎరుగదు, తన బరువుతో లాగుతూ ఉండిపోయింది. ఆ ఊగిసలాట ముద్రను చదివితే ఏది ఎంతో తేలుతుంది. నేటి విశ్వంలోని మొత్తం శక్తిని 100 వంతులనుకుంటే మామూలు పదార్థం సుమారు 5 వంతులు, కృష్ణ పదార్థం సుమారు 27 వంతులు. మిగిలిన 68 వంతులను కృష్ణ శక్తి అంటారు. దాని కథ వేరు, దాన్ని ఈ రోజు ముట్టుకోము.

అయితే ఆ ముద్ర చెప్పేది బరువు ఎంత, అది ఒత్తిడికి లొంగుతుందా, నెమ్మదిగా కదులుతుందా అన్నంతవరకే. పేరు చెప్పదు. తలకాయలు లెక్కపెట్టదు. పది రకాల కణాలు కలిసి ఒకే తీరుగా నడుచుకుంటే, ఈ కొలతకు అవి ఒక్కటిగానే కనిపిస్తాయి. ఆ కుర్రవాడి ప్రశ్న తగిలింది సరిగ్గా ఇక్కడే.

మరి పుస్తకాలు ఒకటే అన్నట్లుగా ఎందుకు రాస్తాయి? లెక్క సులువు కనుక. ఒక కణం, ఒక బరువు, ఒక బలం అనుకుంటే సమీకరణం చేతికి అందుతుంది. అది సౌకర్యం కోసం చేసిన అనుకోలు. 5 వంతుల మామూలు పదార్థంలోనే ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు ఉన్నాయి. మొదటి కొన్ని నిమిషాల్లోనే దాని బరువులో దాదాపు నాలుగో వంతు హీలియంగా మారింది. 5 వంతుల్లో ఇంత వైవిధ్యం ఉండగా 27 వంతుల్లో ఒక్కటేనా అని అనిపించటం సహజం. కానీ ఇది గుమాన్ మాత్రమే, దలీల్ కాదు. దలీల్ కావాలంటే కనీసం ఒక వారసుడినైనా ఋజువుతో నిలబెట్టాలి.

అలాంటి వారసుడు ఒకడున్నాడు. వాడి పేరు న్యూట్రినో.

రంజాన్ చివరి రాత్రుల్లో చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో నడిచినవారికి ఈ సంగతి త్వరగా బోధపడుతుంది. రెండడుగులు వేస్తే నలుగురు తగులుతారు. మన దారి మనది కాదు, గుంపు ఎటు తోస్తే అటు. పండుగ మరునాడు తెల్లవారుజామున అదే వీధిలో నడిస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి ఎవరూ తగలరు. విశ్వం మొదటి సెకనులో న్యూట్రినోల పరిస్థితి ఆ బజారులోని మనిషిది. వేడి వెయ్యి కోట్ల డిగ్రీలకు పైన, కిక్కిరిసిన కణాలు, ఎడతెగని ఢీకొట్టుకోవటం. విశ్వం విస్తరిస్తూ పలచబడింది. సుమారు ఒక సెకను గడిచేసరికి న్యూట్రినోకు ఢీకొట్టేందుకు ఎవరూ దొరకని స్థితి వచ్చింది. అంతే, అవి గుంపు నుంచి విడివడి తమ దారిన తాము పోయాయి. ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. సిద్ధాంతపు లెక్క ప్రకారం విశ్వంలో ప్రతి ఘన సెంటీమీటరులోనూ సగటున సుమారు 336 ఆదిమ న్యూట్రినోలు ఉన్నాయి. మీరు ఈ పుట చదువుతున్న గదిలోనూ ఉన్నాయి, మీ అరచేతిలోనూ ఉన్నాయి.

న్యూట్రినోలను పట్టుకోవటంలో మన పొరుగు నేలకూ పేరుంది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలో ఉన్న కోలారు బంగారు గనుల లోతుల్లో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో కనుగొన్నారు. అవి ఆదిమ న్యూట్రినోలు కావు. ఆదిమమైనవి ఎంత చల్లబడి బలహీనపడ్డాయంటే, వాటిని నేరుగా పట్టిన పరికరం ఇంతవరకూ లేదు. అయినా ఆదిమ విశ్వంలో అవి ఉన్నాయనటానికి సాక్ష్యం, ఇందాక చెప్పిన ఆ పురాతన వెలుగులోనూ, తొలి నిమిషాల్లో తయారైన హీలియం పరిమాణంలోనూ కనిపిస్తుంది.

వీటికి బరువు లేదని చాలాకాలం అనుకున్నారు. 1998లో జపానులోని సూపర్ కామియోకాండే ప్రయోగం న్యూట్రినోలు ప్రయాణంలో రకం మార్చుకుంటాయని చూపింది. బరువు లేనిదే ఆ మార్పు సాధ్యం కాదు. ఆ బరువు ఎంత స్వల్పమంటే, మూడు రకాలవీ కలిపినా ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతుకు రాదని విశ్వ పరిశీలనలు చెబుతున్నాయి. కానీ వాటి సంఖ్య అపారం. లెక్కవేస్తే కృష్ణ పదార్థాన్ని 100 రూపాయల ఆస్తిగా భావించినప్పుడు న్యూట్రినోల వాటా అర్ధరూపాయికీ ఒక రూపాయికీ మధ్య తేలుతుంది.

ఫరాయిజ్ చదివినవారికి తెలుసు. కొందరికి నిర్ణీత వాటా ఉంటుంది, వారిని జవిల్ ఫురూజ్ అంటాము. వారికి ఇచ్చాక మిగిలినదంతా అసబాకు పోతుంది. న్యూట్రినో నిర్ణీత వాటాదారు. తక్కువే అయినా వాటా వాటాయే. మిగిలిన 99 రూపాయల చిల్లరకు అసబా ఎవరన్నదే నేటి పరిశోధన.

ఆస్తి మొత్తం న్యూట్రినోదే ఎందుకు కాకూడదని ప్రయత్నించినవారూ లేకపోలేదు. 1972లో మన దేశీయుడైన రామనాథ్ కౌసిక్, జాన్ మెక్లెలాండ్‌తో కలిసి, విశ్వం ఇలా విస్తరిస్తున్నదంటే న్యూట్రినో బరువు ఇంతకు మించరాదని ఒక హద్దు గీశారు. మరుసటి సంవత్సరం, గెలాక్సీ గుంపుల్లోని అదృశ్య బరువు ఈ న్యూట్రినోలదే కావచ్చునని వారు సూచించారు. ఆ ఆలోచన నిలవలేదు, అయినా దారి చూపింది. నిలవకపోవటానికి కారణం వేగం. విశ్వపు తొలినాళ్లలో న్యూట్రినోలు దాదాపు కాంతి వేగంతో పరుగెత్తేవి. అలా పరుగెత్తేవి ఒకచోట కుదురుకొని చిన్న గెలాక్సీలకు పునాది వేయలేవు, పేరుకున్న చిన్న కుప్పలనూ చెదరగొడతాయి. 1980 దశకంలో కంప్యూటర్లపై చేసిన లెక్కలు ఈ సంగతి తేల్చాయి. అసబా ఎవరైనా సరే, నెమ్మదస్థుడై ఉండాలి.

అటువంటి నెమ్మదస్థులు ఆదిమ విశ్వంలో పుట్టేందుకు దారులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఈ వ్యాసానికి ప్రాణం వంటి సంగతి ఇది. కనుక పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

మొదటి దారి న్యూట్రినో నడిచిన దారికి దాయాది. ప్రోటాన్ కన్నా నూరు రెట్లు బరువున్న ఒక కణాన్ని ఊహించండి. అది తన జంట కణాన్ని కలిస్తే రెండూ నశించి మామూలు కణాలుగా మారతాయి. వేడి మిక్కుటంగా ఉన్నంతకాలం మామూలు కణాలు ఢీకొని అలాంటి జంటలను తిరిగి పుట్టిస్తూ ఉంటాయి. వేడి తగ్గాక పుట్టుక ఆగిపోతుంది, నాశనం మాత్రం సాగుతుంది. విశ్వం పలచబడేకొద్దీ జంట కలవటం దుర్లభమై, ఒక దశలో నాశనమూ ఆగుతుంది. మొదటి సెకనులో కోటి వంతు కూడా గడవకముందే ఇదంతా ముగుస్తుంది. ఎవరినీ కలవలేక మిగిలినవే అసబా. దీన్ని ఫ్రీజ్ అవుట్ అంటారు, సంఖ్య ఉన్నచోట గడ్డకట్టుకుపోవటమని భావం. ఇక్కడ నియమం తలకిందులుగా ఉంటుంది. ఎంత బలంగా కలిసే గుణం ఉంటే, అంత తక్కువ మిగులుతాయి.

రెండో దారి దీనికి సరిగ్గా ఎదురు. 2010లో కొందరు సిద్ధాంతవేత్తలు ప్రచురించిన ఈ పద్ధతికి ఫ్రీజ్ ఇన్ అని పేరు. మొదట్లో ఆ కణం అసలు లేనే లేదు. మామూలు కణాలతో దాని చుట్టరికం ఎంత బలహీనమంటే, అది ఏనాడూ ఆ గుంపులో కలవదు. కోట్లాది ఢీకొట్టుళ్లలో ఎప్పుడో ఒకసారి ఒక కణం పుడుతుంది. కారుతున్న కుళాయి కింద బిందె నిండినట్లు, చుక్క చుక్కగా కూడుతుంది. ఇక్కడ బలం ఎక్కువైతే ఎక్కువే మిగులుతుంది.

మూడోది యాక్సియాన్ దారి. 1977లో పెచ్చీ, క్విన్ పరమాణు కేంద్రానికి సంబంధించిన ఒక వేరే చిక్కుముడిని విప్పబోగా, దాని ఫలితంగా ఒక కణం ఉండి తీరాలని మరుసటి ఏడాది వైన్‌బర్గ్, విల్చెక్ గుర్తించారు. విల్చెక్ దానికి ఒక బట్టల సబ్బు పేరు పెట్టాడు, మచ్చ వదిలించింది కనుక. ఇది పుట్టేందుకు ఢీకొట్టుళ్లు అక్కరలేదు. తేనె నింపిన తొట్టిలో ఊయలను ఒక పక్కకు లాగి వదిలారనుకోండి, అది కదలదు. తేనె పలచబడి నీరైతే ఊగటం మొదలుపెడుతుంది. తొలి విశ్వపు వేగవంతమైన విస్తరణే ఆ తేనె. అది మందగించాక యాక్సియాన్ క్షేత్రం ఊగసాగింది. ఆ ఊగటంలోని శక్తే నేడు చల్లని పదార్థంగా వ్యవహరిస్తుంది. కణం ఎంతో తేలిక, అయినా నెమ్మదస్థుడు. 1983లో మూడు బృందాలు ఈ లెక్కను వేర్వేరుగా తేల్చాయి.

ఆదిమ కాలపు చిన్న కృష్ణ బిలాలు కూడా వారసులు కావచ్చునని 1960, 70 దశకాల్లో జెల్డోవిచ్, నోవికోవ్, హాకింగ్ వంటివారు ఆలోచించారు. వాటిపై ఎన్నో ఆంక్షలు తేలాయి, కొద్దిపాటి చోటు మాత్రం మిగిలి ఉంది.

ఇప్పుడు గమనించండి. ఈ దారులు ఒకదాన్నొకటి మూసివేయవు. ఒకటి సెకనులో అతి స్వల్ప భాగంలో పని ముగించుకుంటుంది, మరొకటి వేరే వేడి వద్ద మొదలవుతుంది. అదే విశ్వంలో ఫ్రీజ్ అవుట్ ద్వారా 30 రూపాయలు, యాక్సియాన్ ద్వారా 69 రూపాయలు వచ్చి చేరటాన్ని అడ్డుకునే నియమమేదీ లేదు. ఈ అంకెలు మేము ఉదాహరణకు చెప్పినవి మాత్రమే. రెండూ కలిసి మొత్తానికి సరిపోతే చాలు.

ఇంకా విచిత్రం, వారసుల మధ్య పరస్పర సంబంధం ఉండే అవకాశం. రెండు కృష్ణ కణాలున్నాయనుకుందాం, ఒకటి బరువైనది, మరొకటి తేలికైనది. బరువైనది మామూలు పదార్థాన్ని నేరుగా అసలు ముట్టదు. తేలికైనది కాస్త ముడుతుంది. ఆదిమ వేడిలో బరువైన జంట నశించి తేలిక జంటగా మారుతుంది, తేలిక జంట మామూలు కణాలుగా మారుతుంది. మధ్యవర్తి ద్వారా మాట్లాడుకునే రెండు కుటుంబాల వ్యవహారం ఇది. చివరికి బరువైనది ఎంత మిగిలిందన్నది, తన బలంతో పాటు మధ్యవర్తి ఎప్పుడు గుంపు విడిచిపోయాడన్న దానిపైనా ఆధారపడుతుంది. ఒక వారసుడి వాటాను విడిగా లెక్కించటం సాధ్యం కాదు, అందరినీ కూర్చోబెట్టి ఒకేసారి లెక్కించాలి. 2011లో కీత్ డీన్స్, బ్రూక్స్ థామస్ ఇంకొంచెం ముందుకు వెళ్లారు. రెండు మూడు కాదు, పెద్ద సమూహమే ఉండవచ్చుననీ, వాటిలో త్వరగా క్షీణించేవాటి వాటా స్వల్పంగా ఉంటే చాలుననీ వారు ప్రతిపాదించారు. మాకు ఇది కాస్త పెద్ద కుటుంబమే అనిపిస్తుంది, కానీ లెక్కలో తప్పు లేదు.

ఇదంతా కాగితం మీది ముచ్చటేనా అని అడిగేవారికి ఒక ముఖ్యమైన సంగతి. అమెరికాలోని దక్షిణ డకోటాలో భూమికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున, పాత బంగారు గనిలో, టన్నుల కొద్దీ ద్రవ జెనాన్ నింపిన ఎల్‌జెడ్ అనే పరికరం కృష్ణ కణం తాకిడి కోసం కాచుకొని ఉంది. ఇంతవరకూ అటువంటి తాకిడి తేలలేదు. "తేలలేదు కనుక ఇంత బలమున్న కణం లేదు" అని తీర్పు రాయాలంటే, మన పరిసరాల్లో అలాంటి కణాలు ఎన్ని ఉన్నాయో ముందు అనుకోవాలి. ఇక్కడి కృష్ణ పదార్థపు సాంద్రత సుమారుగా మూడు ఘన సెంటీమీటర్లకు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువంత. అదంతా ఒకే రకమని అనుకొని ఆ తీర్పు రాస్తారు. కానీ ఆ రకం మొత్తంలో పదో వంతే అయితే, తాకిళ్లూ పదో వంతే ఉంటాయి, తీర్పు కూడా పది రెట్లు సడలుతుంది. లేదని కొట్టివేసిన వారసుడు చిన్న వాటాతో సజీవంగా ఉండవచ్చు. ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల అర్థం ఈ ఒక్క అనుకోలు మీద మారిపోతుంది. కుర్రవాడి ప్రశ్నను మేము ఎంత తేలికగా తీసిపారేశామో అప్పుడు తెలిసివచ్చింది.

ఆకాశంలోనూ ఆనవాళ్లు వెతుకుతున్నారు. 2006లో బుల్లెట్ క్లస్టర్ అనే చోట రెండు గెలాక్సీల గుంపులు ఢీకొన్న దృశ్యాన్ని విశ్లేషించారు. వేడి వాయువు మధ్యలో చిక్కుకుపోగా, అదృశ్యమైన బరువు మాత్రం ఒకదాని గుండా ఒకటి దాటిపోయింది. అంటే కృష్ణ పదార్థంలో అధికభాగం తనలో తాను కూడా అంతగా తగులుకోదు. అధికభాగం అన్న మాటను గుర్తుంచుకోవాలి. కొద్ది భాగం అంటుకునే స్వభావం కలదై ఉంటే? 2013లో లీసా రాండల్, ఆమె సహచరులు అలాంటి చిన్న భాగం మామూలు వాయువులాగే శక్తి కోల్పోయి, పాలపుంతలో పలుచని బిళ్లగా కుదురుకోవచ్చునన్నారు. తర్వాత గయా ఉపగ్రహం నక్షత్రాల కదలికలను కొలిచి, ఆ బిళ్లకు చాలా తక్కువ చోటే మిగిల్చింది. ఒక రకపు వారసుడు దరఖాస్తు పెట్టుకుంటే, ఆకాశం విచారించి దాదాపు తిరస్కరించిందన్నమాట. వారసత్వపు తగాదా ఇలా ఒక్కొక్క వాంగ్మూలంతోనే సాగుతున్నది.

కాబట్టి బేటా, ఆ రోజు నువ్వు నిలబడి అడిగినదానికి మా జవాబు ఇది. ఒకటే రకమని ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్క తేలినంతవరకు, న్యూట్రినోను కలుపుకొని, కనీసం రెండు.